అప్‌డేట్: లంబసింగి, అరకు ప్రయాణంలో కెమెరా

డిసెంబరులో అమ్మతో లంబసింగి, అరకు వెళ్తున్నాను, పాత డీఎస్‌ఎల్‌ఆర్‌ మోసుకెళ్లాలా, చిన్న కెమెరా కొనాలా అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ మనసారా కృతజ్ఞతలు. చివరికి సోనీ ఏ6400 అనే చిన్న కెమెరా సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. 16-50 మి.మీ. జూమ్ లెన్సుతో కలిపి అర కిలోకు కాస్త ఎక్కువ, అంతే. ఒక చేత్తో అమ్మను పట్టుకుని బొర్రా గుహల మెట్లు దిగుతున్నప్పుడు ఆ తేలిక విలువ తెలిసింది. లోపల పైనుంచి నీటి చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఫొటోకూ ఫొటోకూ మధ్య అమ్మ కెమెరా మీద కొంగు కప్పేది.

అసలు పరీక్ష లంబసింగిలో ఎదురైంది. మొదటి రోజు తెల్లవారుజామున, మేఘాల మీద సూర్యోదయం కనిపించే చెరువులవేనం కొండకు వెళ్లి వచ్చి, గదిలోకి రాగానే సంచి తెరిచేశాను. వెచ్చని గాలి తగిలి లెన్సంతా ఆవిరి పట్టింది. గంటన్నర ఆరేదాకా ఆన్ చేయలేదు, భయంతో కాఫీ కూడా సహించలేదు. మర్నాడు మీలో ఒకరు చెప్పినట్టే, బయటే జిప్ కవరులో పెట్టి గాలి తీసేసి మూశాను. గదిలో తేమ కవరు పైనే నిలిచింది, లెన్సు పొడిగా ఉంది. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోయింది. స్వెటరు లోపలి జేబులో వెచ్చగా ఉంచిన రెండోది ఆదుకుంది.

అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైల్లో కెమెరా పట్టీని ఒంటికి అడ్డంగా వేసుకుని, సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను. రోజూ రాత్రి ఫొటోలు ఫోనులోకి ఎక్కించాను.

మేఘాల మీద సూర్యోదయం ఫొటోలో అమ్మ శాలువా అంచున మంచు బిందువులు కూడా కనిపిస్తున్నాయి. దాన్ని పెద్దదిగా ప్రింటు వేయిస్తున్నాను.