కరివేపాకు, మల్లె, తులసి కుండీలను చలికాలానికి ఎప్పుడు లోపల పెట్టాలి?

కుండీలతోట (ఎడిసన్, న్యూజెర్సీ):

అందరికీ నమస్కారం. మా డెక్ మీద ఐదేళ్ళ కరివేపాకు చెట్టు ఒకటి, రెండు మల్లెలు, ఒక మందారం, ఒక తులసి, ఈ వేసవిలో గింజ నాటి మొలిపించిన మునగ మొక్క ఉన్నాయి; అన్నీ కుండీలలోనే. నిరుడు అక్టోబరు చివరలో మొదటి ఫ్రాస్ట్ (ఆకుల మీద మంచు పేరుకొనే చలి) హెచ్చరిక వచ్చిన సాయంత్రం వరకు ఆగి, ఆ రాత్రి టార్చి లైటు పట్టుకొని హడావిడిగా అన్నిటినీ లోపలికి చేర్చాము. ఫ్రాస్ట్ ఒక్క మొక్కనూ తాకలేదు. అయినా మూడు వారాలు తిరగకముందే కరివేపాకు రెమ్మలు కింది నుండి పసుపు పచ్చబడి, చెయ్యి తగిలితే చాలు ఆకులు జలజలా రాలిపోయాయి. డిసెంబరు నాటికి పుల్లలే మిగిలాయి. తులసి అయితే లోపలికి రాకముందే నల్లబడింది.

ఇప్పుడు సెప్టెంబరు సగం దాటింది, రాత్రి ఉష్ణోగ్రత 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటోంది. ఏదైనా ఒక తేదీ పెట్టుకోవాలా, లేక ఉష్ణోగ్రత చూసుకోవాలా? అన్ని మొక్కలకూ ఒకటే లెక్క సరిపోతుందా? ఇంకొక చిక్కు కూడా ఉంది. మా అత్తగారు ఈ ఏడాది మాతోనే ఉన్నారు. క్షీరాబ్ది ద్వాదశి పూజ అయ్యేదాకా తులసి కుండీని ఆరుబయటి నుండి కదపవద్దని ఆవిడ పట్టుదల.

పాతకాపు (న్యూజెర్సీ):

మీ కరివేపాకును చంపబోయింది చలి ఒక్కటే అనుకోవద్దు. మీరు ఆగిన ఆ చివరి రెండు మూడు వారాలు, ఆ తరువాత మీ ఇంటి హీటరు కలిసి చేసిన పని అది. రాత్రులు 40లలోకి దిగినప్పుడు కుండీలోని మట్టి నేల కన్నా త్వరగా చల్లబడి, వేళ్ళు నీరు తీసుకోవడం దాదాపు మానేస్తాయి. అటువంటి మొక్కను ఒక్క రాత్రిలో 70 డిగ్రీల పొడిగాలిలోకి, ఎండలో పదో వంతు వెలుతురు కూడా లేని గదిలోకి తెచ్చినప్పుడు, ఉన్న ఆకులను పోషించలేక అది వాటిని వదిలించుకుంటుంది. అందుకే నేను హెచ్చరిక కోసం ఎప్పుడూ ఆగను. వాతావరణ శాఖ వారి ఫ్రాస్ట్ హెచ్చరిక కనిష్ఠ ఉష్ణోగ్రత 33 నుండి 36 డిగ్రీల మధ్యకు పడిపోతుందనుకున్నప్పుడు వస్తుంది. మన మొక్కలకు అది చాలా ఆలస్యం.

నా లెక్క ఇది. పది రోజుల అంచనా చూసుకొని, వరుసగా మూడు రాత్రులు 55 డిగ్రీలకు దిగబోతున్నాయని తెలియగానే తులసిని, కరివేపాకును లోపల పెడతాను. మా వైపు అది సాధారణంగా సెప్టెంబరు చివరి వారంలోనో అక్టోబరు మొదట్లోనో వస్తుంది. అప్పటికి ఇంట్లో హీటరు వేసి ఉండము, కిటికీలు తెరిచే ఉంటాయి, పగలు లోపలికీ బయటికీ పెద్ద తేడా ఉండదు. అందువల్ల మొక్కకు ఇల్లు మారిన సంగతే తెలియదు. మందారాన్ని 50 వరకు ఉంచవచ్చు. మల్లె కొంచెం మొండిది, 45 వరకు ఒకటి రెండు రాత్రులు ఓర్చుకుంటుంది కానీ అలా ఆపినందువల్ల లాభమేమీ లేదు. మునగను అందరికన్నా చివర తెచ్చినా పరవాలేదు, ఎందుకంటే అది ఎలాగూ ఆకులు రాలుస్తుంది. కాకపోతే మీది తొలి ఏడాది మొక్క కనుక ఫ్రాస్ట్ మాత్రం తగలనివ్వవద్దు.

ఫోనులో కనిపించే అంకెను నమ్మి మోసపోకండి. అది ఎక్కడో ఒక కేంద్రంలో, నేలకు ఐదారు అడుగుల ఎత్తున కొలిచిన గాలి ఉష్ణోగ్రత. మబ్బు, గాలి రెండూ లేని రాత్రి ఆకు తన వేడిని ఆకాశానికి వదిలేసుకొని, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా మారుతుంది. ఫోను 36 అని చూపించిన ఉదయాన కారు అద్దం మీద తెల్లని పొర గీకవలసి రావడం మనందరికీ తెలిసినదే. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుంచుకొనే చిన్న థర్మామీటరు ఒకటి కొని కుండీల మధ్యనే పెట్టండి. మా పెరట్లో అది ఫోను కన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువ చూపించిన రాత్రులున్నాయి.

డాలస్ పెరడు (టెక్సస్):

పై వారు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, కరివేపాకు విషయంలో నా అనుభవం వేరు. మాకు ఇక్కడ మొదటి గడ్డకట్టే రాత్రి సగటున నవంబరు మూడో నాలుగో వారంలో వస్తుంది. అయితే మా చలి మీ చలిలాగా మెట్లు మెట్లుగా దిగదు. మధ్యాహ్నం 75 ఉన్న రోజే ఉత్తరపు గాలి తిరిగితే రాత్రికి 35కి పడిపోగలదు. కాబట్టి వరుసగా మూడు రాత్రులు చూసి నిర్ణయించే పద్ధతి ఇక్కడ పనిచెయ్యదు. 2021 ఫిబ్రవరిలో విమానాశ్రయం దగ్గర సున్నాకు 2 డిగ్రీలు దిగువకు పోయినప్పుడు, గోడ వారగా నేలలో పెట్టి దుప్పట్లు కప్పిన మా కరివేపాకు మొదలంటా పోయింది. ఆ తరువాత నేలలో పెట్టడం మానేశాను.

ఇప్పుడు నేను కుండీని ఇంట్లోకి తీసుకురాను. రాత్రులు 45కి చేరాక గరాజులో పెట్టి, మూడు వారాలకొకసారి ఒక చెంబెడు నీళ్ళు పోస్తాను. ఆకులన్నీ రాలిపోతాయి, రాలనిస్తాను. మార్చిలో కొమ్మ మీద గోటితో చిన్నగా గీకి చూస్తే లోపల పచ్చగా కనబడుతుంది. బయట పెట్టిన నెలకు చిగుళ్ళు వస్తాయి. కిటికీ పక్కన నీరసంగా బతికే మొక్క కన్నా నిద్రపోయి లేచిన మొక్కే వేసవిలో బాగా గుబురుగా పెరుగుతుందని నా నమ్మకం. కూరలోకి నాలుగు నెలలు కొట్టు కరివేపాకే గతి, అది నిజమే.

పాతకాపు (న్యూజెర్సీ):

డాలస్‌లో అది సరే. మా గరాజులో జనవరిలో బకెట్టులో నీళ్ళు గడ్డకడతాయి. నిద్రపోయే మొక్కకు కూడా వేళ్ళు గడ్డకట్టకూడదు కదా. గరాజు 40కి దిగువకు పోదని థర్మామీటరు పెట్టి ఒక చలికాలం చూసుకున్న తరువాతే ఆ పని చెయ్యాలి. మునగకు మాత్రం మీ పద్ధతే మేలు, చల్లని బేస్‌మెంటు దానికి చక్కగా సరిపోతుంది.

వేపనూనె (వర్జీనియా):

ఎప్పుడు తేవాలో ఇద్దరూ చెప్పారు. తెచ్చే ముందు చెయ్యవలసిన పని గురించి ఎవరూ చెప్పలేదు. నేను రెండేళ్ళ క్రితం ఆ పని చెయ్యకుండా తెచ్చి, జనవరిలో కిటికీ కింద నేల జిగట జిగటగా అంటుకుంటుంటే ఎవరో శరబత్తు ఒలకబోశారనుకున్నాను. తీరా కరివేపాకు రెమ్మను తిప్పి చూస్తే ఈనె పొడవునా నువ్వు గింజలు అతికించినట్లు గోధుమ రంగు పొలుసు పురుగులు. బయట వాటిని తినే పురుగులుంటాయి, వాన కడుగుతుంది. లోపల ఆ రెండూ లేవు కనుక నాలుగు పురుగులు నెల తిరిగేసరికి నాలుగు వందలవుతాయి.

కాబట్టి మీరు అనుకున్న రోజుకు రెండు వారాల ముందే కుండీలను నేరుగా ఎండ తగలని చోటికి, ఇంటికి ఉత్తరం వైపుకో చెట్టు కిందికో మార్చండి. తక్కువ వెలుతురుకు ఆకు అలవాటు పడుతుంది. ఆ రెండు వారాలలో పైపుతో ఆకుల అడుగు భాగం తగిలేలా గట్టిగా కడిగి, వారం తేడాతో రెండుసార్లు సాయంత్రం పూట వేప నూనె, రెండు చుక్కల సబ్బు కలిపిన నీరు పిచికారీ చెయ్యండి. మల్లెకు ఎర్రనల్లి, మందారానికి పేనుబంక, పిండినల్లి ఎక్కువగా పడతాయి. కుండీలో చీమలుంటే అరగంట సేపు కుండీని నీళ్ళ తొట్టిలో ముంచి ఉంచితే బయటికి వచ్చేస్తాయి.

ఒకవేళ మీ కరివేపాకు పోయి, టెక్సస్ నుండో ఫ్లోరిడా నుండో ఎవరిచేతనైనా కొత్త మొక్క తెప్పించుకుందామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. నిమ్మజాతి చెట్లకు ప్రాణాంతకమైన తెగులును మోసే ఒక చిన్న పురుగు కరివేపాకు మీద కూడా పెరుగుతుంది. అందుకని ఆ రాష్ట్రాల నుండి ఈ మొక్కను అనుమతి లేకుండా బయటికి తీసుకుపోవడం నిషేధం.

కుండీలతోట (ఎడిసన్, న్యూజెర్సీ):

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజే కుండీలన్నిటినీ ఉత్తరం వైపు గోడ నీడకు మార్చాము. కడుగుతుంటే మల్లె ఆకుల అడుగున సన్నని బూజు దారాలు కనిపించాయి, అది ఎర్రనల్లే అనుకుంటున్నాను. థర్మామీటరు రేపు వస్తుంది. తులసి సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

పాతకాపు (న్యూజెర్సీ):

దారాలు కనిపించాయంటే నల్లి బాగా ముదిరినట్లే. బాగా దెబ్బతిన్న కొమ్మలను కత్తిరించేసి, మూడు రోజులకొకసారి చొప్పున మరో రెండు వారాలు కడగండి, లోపల మిగతా మొక్కలకు దూరంగా పెట్టండి.

తులసి విషయంలో మా ఇంట్లో ఇదే తగవు జరిగింది. కార్తిక ద్వాదశి చాలా ఏళ్ళు నవంబరులోనే పడుతుంది, అప్పటికి ఈ ఊళ్ళో ఆరుబయట తులసి బతకదు. పూజనాటికి కోటలో నల్లని పుల్ల ఉండడం మీ అత్తగారికి మాత్రం ఇష్టమా? కుండీని ఇప్పుడే దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టి, పూజ రోజు మధ్యాహ్నం బయట 55 దాటితే ఒక గంట డెక్ మీదికి తెచ్చి, ఉసిరి కొమ్మ పెట్టి దీపాలు వెలిగించి మళ్ళీ లోపలికి తీసుకువెళ్ళండి. మా అమ్మగారు మొదటి ఏడాది ముఖం చిట్లించారు, రెండో ఏడాది ఆవిడే కుండీకి ఒక పక్క పట్టుకున్నారు. ఎందుకైనా మంచిది, ఎండిన వెన్నులు దులిపి విత్తనాలు ఒక కాగితం పొట్లంలో దాచిపెట్టండి. తులసి మార్చిలో కిటికీ దగ్గర తేలికగా మొలుస్తుంది.