గోడకి బిగించే చిన్న రీఫ్ ట్యాంక్ సొంతంగా కడదామనుకుంటున్నా, ప్లాన్ చూసి చెప్పండి

మియాపూర్ మత్స్యం:

నమస్తే అందరికీ. మంచినీళ్ల ట్యాంకులు చాలా ఏళ్లుగా ఉన్నాయి నా దగ్గర. గప్పీలు, ఏంజెల్స్, మొక్కల ట్యాంకు అన్నీ అయ్యాయి, ఇప్పుడు ఉప్పునీళ్లలో సముద్రపు చేపలు, పగడాలు పెంచే రీఫ్ ట్యాంకు మీదికి మనసు పోయింది. సమస్యల్లా జాగా. టూ బీహెచ్‌కే ఫ్లాటు, హాల్లో సోఫా, షూ ర్యాకు, పాప సైకిలు పోను స్టాండ్ వేసే చోటు లేదు. అందుకని హాలుకీ బెడ్‌రూముకీ మధ్య ఉన్న గోడకి సన్నటి ట్యాంకు బిగిద్దామని ఆలోచన, టీవీ బిగిస్తాం కదా, అలాగే.

ప్లాన్ ఇదీ. పొడవు 90 సెంటీమీటర్లు, ఎత్తు 35, ముందు నుంచి వెనక్కి 20. గ్లాసు 8 ఎంఎం, షాపులో కోయించి అంచులు పాలిష్ పట్టించుకుని నేనే సిలికాన్‌తో అతికిస్తా, ఆ పని చేతికి అలవాటే. కుడి చివర 15 సెంటీమీటర్ల దగ్గర అడ్డగ్లాసు పెట్టి ఆ అరలో ఫిల్టర్ ఊలు, నీళ్లని తిరిగి ట్యాంకులోకి తోసే రిటర్న్ పంపు. కింద రెండు ఎల్ బ్రాకెట్లు, యాంకర్ ఫాస్టెనర్లు (గోడ బెజ్జంలో బిగుసుకునే బోల్టులు) కొట్టి. లైటు స్లాబు నుంచి వేలాడదీస్తా. రాళ్లకి ఆన్‌లైన్‌లో ఒకతను లైవ్ రాక్ (సముద్రంలోంచి తీసిన, బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టిన రాయి) కిలోల లెక్కన ఇస్తానంటున్నాడు. క్లౌన్ చేపలు ఒక జత, పాప ఆ నీలం చేప కావాలంటోంది కాబట్టి ఒక బ్లూ ట్యాంగ్, కొన్ని పగడాలు.

నీళ్లకి రెండు దారులు అనుకుంటున్నా. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు కలపడం, లేదంటే మాది చీరాల పక్కనే కాబట్టి ఊరెళ్లినప్పుడల్లా వాడరేవు నుంచి సముద్రపు నీళ్లు క్యాన్లతో తెచ్చుకోవడం. గోడ ఆగుతుందా అన్నదే మెయిన్ టెన్షన్. మిగతా దాంట్లో తేడాలుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

కాలమ్‌బీమ్:

నేను సైట్ ఇంజనీర్ని, చేపల సంగతి నాకు తెలీదు, గోడ సంగతి చెప్తా. ముందు బరువు తేలుద్దాం. మీ కొలతలకి గ్లాసు దాదాపు 0.95 చదరపు మీటర్లు, 8 ఎంఎం అంటే చదరపు మీటరుకి 20 కిలోలు, ఖాళీ ట్యాంకే 19 కిలోలు. నిండా 63 లీటర్లు, రాళ్లూ ఇసుకా పోను నీళ్లు 50 అనుకోండి, ఉప్పునీళ్లు కాబట్టి 51 కిలోలు. రాళ్లు, ఇసుక 15. మొత్తం 85 నుంచి 90. మామూలు టీవీ 10, 15 కిలోలు, పైగా గోడకి అతుక్కుని ఉంటుంది. ఇది ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. రెండూ ఒకటి కాదు.

గోడకి 2 సెంటీమీటర్ల ఎడం వదిలితే బరువు నడిమధ్య గోడ నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. బ్రాకెట్ నిలువు ముక్క 30 సెంటీమీటర్లు ఉంటే, పై బోల్టుల్ని గోడలోంచి బయటికి లాగే బలం అన్నీ కలిపి 36 కిలోల దాకా. కాగితం మీద చిన్న లెక్కే. లోతు 35కి పెంచితే మాత్రం బరువూ పెరుగుతుంది, దూరమూ పెరుగుతుంది, లాగుడు రెట్టింపు దాటిపోతుంది. సన్నగా ఉంచడం మీకు కలిసొచ్చే విషయం.

అసలు ప్రశ్న ఆ గోడ దేనితో కట్టారని. 9 అంగుళాల ఇటుక గోడయితే నాకు పెద్ద అభ్యంతరం లేదు. మైవాన్ (అల్యూమినియం అచ్చుల) షట్టరింగ్‌తో పోసిన కాంక్రీట్ గోడయితే ఇంకా మంచిది. నాలుగున్నర అంగుళాల ఇటుక పార్టిషన్ అయితే ఆలోచించాలి, పక్కన తలుపు గట్టిగా వేసినప్పుడల్లా అదురుతుంది. ఏఏసీ బ్లాకులయితే (లోపల గాలిబుడగలుండే తేలిక కాంక్రీట్ దిమ్మెలు) మాత్రం ఎక్స్‌పాన్షన్ ఫాస్టెనర్ జోలికే పోవద్దు. అది బిగించే కొద్దీ చుట్టూ ఉన్న బ్లాకుని నలిపేస్తుంది. కొత్తలో గట్టిగానే ఉన్నట్టుంటుంది, నెలల తరబడి బరువు పడుతుంటే నెమ్మదిగా వదులవుతుంది.

తెలుసుకోవడం తేలిక. షూ ర్యాకు వెనకాల కనపడని చోట 6 ఎంఎం బిట్టుతో ఒక బెజ్జం వేయండి, కింద కాగితం పట్టుకోండి. ప్లాస్టర్ దాటాక ఎర్రటి పొడి రాలితే ఇటుక. బిట్టు ముందుకి కదలక మొరాయిస్తూ బూడిదరంగు పొడి వస్తే కాంక్రీటు. తెల్లటి మెత్తటి పొడి బొటబొటా రాలి బిట్టు సాఫీగా దూసుకుపోతే ఏఏసీ. ఏమొచ్చిందో చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఇంకోటి. గోడ కూలడం కంటే ముందు వచ్చే ప్రమాదం, రెండు బ్రాకెట్లలో ఒకటి రెండు మిల్లీమీటర్లు కుంగడం. అడుగు గ్లాసు మెలితిరిగి సిలికాన్ అతుకు విడిపోతుంది. అర్ధరాత్రి హాల్లో 50 లీటర్ల ఉప్పునీళ్లు, తెల్లారేసరికి కింది ఫ్లాటు వాళ్లు తలుపు కొడతారు.

భీమిలి అల:

గోడ గురించి ఆయన చెప్పారు, నేను లోపలి సరుకు గురించి చెప్తాను, కాస్త గట్టిగానే చెప్తాను, ఏమనుకోకండి.

ఆ లైవ్ రాక్ కొనకండి. మన దేశంలో పగడపు దిబ్బలు ఉన్నవి మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. కిలోల లెక్కన చవగ్గా వస్తోందంటే అక్కడెక్కడో పగలగొట్టి తెచ్చిందనే అనుమానించాలి. రీఫ్ కట్టే రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న జాబితా అది. సీ ఫ్యాన్లు, నల్ల పగడం, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు కూడా అప్పుడే చేరాయి. బయటి దేశం సరుకని అమ్మేవాడు చెప్తే కాగితాలు చూపించమనండి, ఎక్కువమంది అక్కడితో మాట మారుస్తారు. డ్రై రాక్ (జీవం లేని ఎండు రాయి) గానీ పింగాణీ రాళ్లు గానీ తీసుకుని సీసాల్లో అమ్మే బ్యాక్టీరియాతో మొదలుపెట్టండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేదాకా చేప వేయొద్దు. నెల నుంచి నెలన్నర పడుతుంది, ఇందులో షార్ట్‌కట్ లేదు.

పగడాల్లో మెత్తటి రకాలు చాలు మీకు, మష్రూమ్‌లు, జోయాంథిడ్లు, బిల్లు ఇచ్చే షాపులో. అసలు మొదటి ట్యాంకుకి అవే సరైనవి, కాల్షియం, ఆల్కలినిటీ రోజూ కొలుచుకునే బాధ ఉండదు. జోయాంథిడ్లు పట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి. కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో మరిగించడం లాంటివి చచ్చినా చేయకండి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రిలో చేరిన సందర్భాలు విదేశాల్లో ఉన్నాయి.

బ్లూ ట్యాంగ్ సంగతి పాపకి మీరే నచ్చజెప్పుకోవాలి. పెరిగితే 25 సెంటీమీటర్లు దాటుతుంది, మీ ట్యాంకు వెడల్పే 20. ఎటు తిరుగుతుంది పాపం? క్లౌన్ జత, మహా అయితే ఒక చిన్న గోబీ చేప, అంతే. క్లౌన్లు హ్యాచరీ పిల్లలే అడగండి. సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు వాటిని ట్యాంకుల్లోనే గుడ్లు పెట్టించి పెంచే పద్ధతి ఎప్పుడో తయారుచేశారు, సముద్రంలోంచి పట్టాల్సిన పనే లేదు.

ఇక వాడరేవు నీళ్లు. నేను సముద్రం పక్కనే ఉంటాను, అయినా ఉప్పు కొనే కలుపుకుంటాను. బంగాళాఖాతంలోకి ఇన్ని నదులు కలుస్తాయి, వానాకాలం వెళ్లాక ఒడ్డు దగ్గర నీళ్లలో ఉప్పు బాగా పడిపోతుంది. మీ వైపు కృష్ణ కలిసేది కూడా దగ్గర్లోనే. మనకి కావాల్సింది లీటరుకి 35 గ్రాములు, అంటే 1.026 స్పెసిఫిక్ గ్రావిటీ, ఏడాది పొడవునా. ఒడ్డున ముంచుకున్న క్యాను ఏ నెలలో ఎంత చూపిస్తుందో చెప్పలేం, దాంట్లో ఇంకేం ఉందో అసలే చెప్పలేం. రీఫ్ సాల్ట్ 50 లీటర్లకి రెండు కిలోల లోపే పడుతుంది. ఉప్పు ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొనండి, ఆ తేలే గాజు గొట్టాన్ని (హైడ్రోమీటర్) నమ్మకండి.

తాగే ఆర్‌ఓ నీళ్లు నేరుగా పనికిరావు. రుచి కోసం మినరల్ కాట్రిడ్జో టీడీఎస్ కంట్రోలరో పెడతారు కదా, దాని తర్వాత వచ్చే నీళ్లు టీడీఎస్ (కరిగిన లవణాలు) 50, 80 చూపిస్తాయి. దానికి ముందే పైపుకి టీ జాయింట్ పెట్టి నీళ్లు తీసుకుని, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ గుండా పంపండి. టీడీఎస్ మీటరు మీద 0 రావాలి.

మే నెల బాధితుడు:

అందరూ గోడ, చట్టం అంటున్నారు, ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదు. 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి నీళ్లు. ఏప్రిల్, మేలో హైదరాబాద్ హాలు మధ్యాహ్నం 35 ఉంటుంది, 50 లీటర్ల నీళ్లు సాయంత్రానికి గది వేడికి వచ్చేస్తాయి. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) పెట్టాలంటే దాని ధర ట్యాంకు మొత్తం ఖర్చు కంటే ఎక్కువ, పైగా గోడ ట్యాంకుకి దాన్ని ఎక్కడ పెడతారు?

నా పద్ధతి నీళ్ల మీదికి రెండు కంప్యూటర్ ఫ్యాన్లు, 12 వోల్టులవి. మన దగ్గర ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మూడు నాలుగు డిగ్రీలు దించుతాయి. వైజాగ్‌లో ఈ ఉపాయం పెద్దగా పారదు, ఉక్క కదా, నీళ్లు ఆవిరయితేనే చల్లదనం. ఫ్యాన్‌తో వచ్చే తంటా ఏంటంటే రోజుకి రెండు లీటర్ల దాకా ఆవిరయిపోవచ్చు, ఉప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది. 50 లీటర్లలో 2 పోతే 35 కాస్తా 36 దాటుతుంది. మంచినీళ్లు, ఉప్పు లేనివి, వాటంతటవే పడేలా ఆటో టాపప్ పెట్టుకోండి. చేత్తో పోస్తాననకండి, రెండు రోజులు ఊరెళ్తే ఎవరు పోస్తారు?

మధ్యాహ్నం హాల్లో ఏసీ వేసే ఇల్లయితే ఇదంతా సగం తగ్గుతుంది.

మియాపూర్ మత్స్యం:

అందరికీ థాంక్స్. బెజ్జం వేశా. తెల్ల పొడి! బిట్టు అలా దిగిపోయింది, నాకే భయమేసింది. గోడ మందం తలుపు చౌకట్టు దగ్గర కొలిస్తే ప్లాస్టర్‌తో కలిపి ఆరు అంగుళాలు. ఇక ఆశలు వదులుకోవాల్సిందేనా? బెడ్‌రూము వైపు ప్లేటు పెట్టి ఆరపార బోల్టులు వేయొచ్చా?

ఇంకో తలనొప్పి. మా అత్తగారు అది ఈశాన్యం గోడ అంటున్నారు. ఈశాన్యంలో నీళ్లు ఉంటే మంచిదట, బరువు ఉండకూడదట. నీళ్లే బరువు అత్తయ్యా అంటే ఒప్పుకోరు.

భీమిలి అల:

లైవ్ రాక్, ట్యాంగ్ రెండూ కొట్టేశారా? ముందు అది చెప్పండి.

మియాపూర్ మత్స్యం:

కొట్టేశా మేడమ్. పాప గోబీకి ఒప్పుకుంది, పేరు కూడా పెట్టేసింది.

కాలమ్‌బీమ్:

వాస్తు విషయంలో నేను దూరను, సైట్లో అది రోజూ ఉండేదే.

ఆరపార బోల్టులు పనిచేస్తాయి గానీ బెడ్‌రూములో మంచం వెనకాల ఇనప ప్లేట్లు కనపడతాయి, మీ ఆవిడ ఒప్పుకుంటారో లేదో చూసుకోండి. నా సలహా వేరే. బరువుని గోడకి ఇవ్వకండి, నేలకి ఇవ్వండి. 40 బై 40 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) స్క్వేర్ పైపులు రెండు, 2 ఎంఎం మందానికి తగ్గకుండా, నేల నుంచి పై బీమ్ దాకా గోడకి ఆనించి నిలబెట్టండి. వాటికి మీ ట్యాంకు ఎత్తులో రెండు చేతులు వెల్డ్ చేయించి, మధ్యలో అడ్డపైపులు, మీద 18 ఎంఎం మెరైన్ ప్లై, దాని మీద థర్మకోల్ షీటు, ఆపైన ట్యాంకు. బరువంతా పైపుల గుండా నేలకి దిగుతుంది. ఇళ్ల ఫ్లోరుకి చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తాం, మీ 90 కిలోలకి ఏమీ కాదు. ముందుకి తూలే బలం మాత్రం పైన ఆపాలి. నేలకీ బీమ్‌కీ మధ్య ఎనిమిది అడుగులు ఉంది కాబట్టి అక్కడ పడే లాగుడు ఐదారు కిలోలకి మించదు, అది కాంక్రీట్ బీమ్‌కి కొట్టిన ఫాస్టెనర్‌కి లెక్కే కాదు. ఇందాకటి 36తో పోల్చి చూడండి. ఏఏసీకి దాదాపు పనే ఉండదు.

పైపులు గోడరంగే వేయిస్తే కంటికి ఆనవు. షూ ర్యాకు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. పాప సైకిలు మాత్రం దాని కింద పార్క్ చేయనివ్వకండి.

ట్యాంకు పైఅంచు ఎంత ఎత్తులో పెడుతున్నారు? లైటుకీ నీళ్లకీ మధ్య చెయ్యి దూరాలి కదా.

30 మిల్లీఆంప్స్:

ఎలక్ట్రికల్ వైపు నుంచి రెండు ముక్కలు. ఆ ప్లగ్గు పాయింటుకి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా నీళ్లలో పంపు వేయకండి. పాత ఫ్లాట్లలో చాలా చోట్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఒక్కటే ఉంటుంది, అది షాక్ నుంచి కాపాడదు. స్విచ్‌బోర్డు ట్యాంకు కింద ఉండకూడదు, పక్కన, వీలైతే పైన. ప్రతి వైరూ బోర్డు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకెళ్లి గుచ్చుకోవాలి, కారే చుక్క ఆ వంపు దగ్గరే నేలపడుతుంది.

ఉప్పునీళ్ల ట్యాంకులో చుక్కతో అయిపోదు. పంపు వైరు నీళ్లలోంచి బయటికొచ్చే చోట తెల్లగా గరుకుగా ఉప్పు పొర మొదలవుతుంది, వారానికి అంగుళమో అరంగుళమో వైరు వెంబడి పాకుతుంది, వేలితో తాకితే చెమ్మగా ఉంటుంది. అది ప్లగ్గు దాకా వెళ్లనిచ్చారంటే పిన్నులు పచ్చబడి, ఒకరోజు సాకెట్లోంచి చిటపట వినిపిస్తుంది. నీళ్లు మార్చే రోజే తడిగుడ్డతో వైర్లు కూడా తుడిచేయండి.

కరెంటు పోతే అరగంటలో ఏమీ కాదు గానీ రాత్రంతా పోతే చేపలకి ఊపిరాడదు, సన్నటి ట్యాంకు కాబట్టి నీటి పైభాగం కూడా తక్కువ. ఇన్వర్టర్ లైనుకి నీళ్లని కదిలించే వేవ్‌మేకర్ ఒక్కటి కలిపితే చాలు, లైట్లు అక్కర్లేదు.

మియాపూర్ మత్స్యం:

ఐదడుగుల మీద పైఅంచు, లైటు దానికి ఇంకో అడుగు పైన. చెయ్యి ట్యాంకు అడుగుభాగం దాకా అందుతోంది, అట్టపెట్టె పెట్టి చూశా. ఫ్రేమ్ నేల మీదికి దిగుతోంది కాబట్టి లోతు 25కి పెంచుతున్నా. ఆఖరి ప్రశ్న: ఎంఎస్ తుప్పు పడుతుంది కదా, స్టెయిన్‌లెస్ స్టీలు చేయించనా?

కాలమ్‌బీమ్:

25 ఓకే, పైన లాగుడు ఆరేడు కిలోలు అవుతుంది, ఫర్వాలేదు. మామూలుగా దొరికే 304 స్టెయిన్‌లెస్ కూడా ఉప్పు తుంపరకి చుక్కలు చుక్కలుగా తినేస్తుంది, 316 అయితే ఆగుతుంది గానీ ఆ డబ్బుకి మీరు చిల్లర్ కొనుక్కోవచ్చు. ఎంఎస్సే చేయించండి. అన్ని బెజ్జాలూ వెల్డింగులూ అయ్యాక ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, ఆపైన పీయూ (పాలీయూరిథేన్) పెయింటు, పైపుల చివర్లు మూయించడం మర్చిపోవద్దు, లోపల్నుంచే తుప్పు మొదలవుతుంది. ఫ్రేమ్ ఎక్కించాక లెవెల్ ట్యూబ్‌తో నాలుగు మూలలూ చూడండి. ట్యాంకు మాత్రం ముందు బాత్రూములో వారం రోజులు మామూలు నీళ్లు నింపి ఉంచండి, పొడి టిష్యూ కాగితంతో ప్రతి అతుకూ తడిమి చూశాకే పైకెక్కించండి. వెల్డింగ్ అతను రంగు నేనే వేసిచ్చేస్తానంటాడు, ఒప్పుకోకండి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత పూసి చేతులు దులిపేసుకుంటాడు.