గోవా అంటే బీచ్‌లేనా?

డిసెంబర్‌లో అమ్మానాన్నలతో గోవా వెళ్తున్నాం, నాలుగు రోజులు. బీచ్‌లు, పార్టీలు కాకుండా అసలు గోవా చూడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

> పొద్దున్నే పణజిలో ఫాంటెన్హాస్ సందుల్లో నడవండి. సైకిల్ వెనక పెద్ద బుట్ట కట్టుకుని పాం పాం అని హారన్ కొడుతూ రొట్టెలబ్బాయి వస్తాడు, అతన్ని అక్కడ పోదేర్ అంటారు, పొట్టు అంటిన వేడి పొయ్ రొట్టె కొని అక్కడికక్కడే తినండి. నాకు గోవా అంటే ఇప్పటికీ ఆ వాసనే.

> విజయవాడ వైపు నుంచైతే వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, దూద్‌సాగర్ జలపాతం పక్కనుంచే వెళ్తుంది. రైబందర్‌లో ఫెర్రీ ఎక్కి చోడావ్ దీవికి కూడా వెళ్లండి, మడ అడవి, పక్షులు... అమ్మగారికి బాగా నచ్చుతుంది.

> డిసెంబర్ 19న అక్కడుంటే ఇంకా మంచిది. 1961లో పోర్చుగీసు పాలన పోయింది ఆ రోజే, రాష్ట్రమైంది మాత్రం 1987లో. ఎవరైనా సాయం చేస్తే "దేవ్ బరెం కరూం" అనండి, కొంకణిలో థాంక్స్. మొహాలు వెలిగిపోతాయి.