అప్‌డేట్: గ్రావెల్ (మట్టి, కంకర దారుల) సైకిల్‌కి 650బి చక్రాలే వేయించాను

రెండు నెలల కిందట అడిగాను గదా, 700సి చక్రాలకి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లా, కొంచెం చిన్న చక్రాలైన 650బికి మారి 47 వెడల్పు టైర్లా అని. నెల్లూరు నుంచి మైపాడు వైపు కాలవ గట్లు, రొయ్యల గుంటల దారులు నా రూటు. 650బి తీసుకున్నాను.

నన్ను ఒప్పించింది ఇక్కడ ఒకరు చెప్పిన మాట. 650బి రిమ్ము, 27.5 ఎంటీబీ (కొండదారుల సైకిల్) రిమ్ము రెండూ 584 మిల్లీమీటర్ల వ్యాసమే. అంటే దారిలో ట్యూబు కావాలంటే మామూలు సైకిల్ షాపులో 27.5ది అడిగితే చాలు. మా ఊళ్ళో ఇది చాలా పెద్ద ధైర్యం.

ఇసకలో తేడా స్పష్టంగా తెలిసింది. నా బరువు 74 కిలోలు. టైర్లలో గాలి ముందు 26, వెనక 29 పీఎస్ఐ పెడుతున్నాను. ఇదివరకు దిగి నెట్టుకుంటూ పోయిన చోట ఇప్పుడు తొక్కుతూనే పోతున్నాను.

ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. 40 టైరు మీద ఉన్నప్పటికంటే సైకిల్ 12 మిల్లీమీటర్లు కిందికి దిగింది. ట్రాక్టరు చక్రాల గాడుల్లో పెడలు రెండుసార్లు గట్టుకి కొట్టుకుంది. అట్లాంటి చోట తొక్కడం ఆపి పెడళ్ళు సమంగా పట్టుకోవడం అలవాటు చేసుకున్నా.

సర్కారు తుమ్మ ముళ్ళ గురించి భయపడ్డాను గదా. ట్యూబ్‌లెస్ (ట్యూబు లేకుండా టైరు) చేయించాక మూడు ముళ్ళు పీకాను, మూడుసార్లూ టైర్లో పోసిన సీలెంటు ద్రవమే చిల్లు పూడ్చింది. అయితే మొదటిసారి పోసిన షాపులో చాలా తక్కువ పోశారు, మన ఎండకి ఆరిపోయింది. ఇప్పుడు నేనే చక్రానికి 80 మిల్లీలీటర్లు పోసి, నెలకోసారి వాల్వు తీసి చూసుకుంటున్నా.

పాత 700సి చక్రాలు అమ్మలేదు. ఒంగోలు దాకా హైవే మీద పోయేటప్పుడు అవే వేస్తాను.