క్రిమి చచ్చినా సెప్సిస్ ఎందుకు ముదురుతుంది?

ప్రశ్న: నర్సింగ్ చదువుతున్నాను. తగిన యాంటీబయాటిక్ పడి, రక్తం కల్చర్‌లో ఏ క్రిమీ పెరగకపోయినా, కొందరు సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి, అవయవాలు దెబ్బతినే స్థితి) రోగులకు రక్తపోటు నిలవదు, మూత్రం తగ్గిపోతుంది. ఒళ్లంతా నీరు పట్టి ఉన్నా రక్తనాళాల్లో ద్రవం చాలడం లేదంటూ సెలైన్ ఎక్కిస్తారు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో పెద్దలు వివరించగలరు.

మొదటి సమాధానం: ఎక్కించిన ద్రవం నాళంలో నిలవదు కాబట్టి రెండూ నిజమే. రక్తనాళం లోపలి గోడకు ఎండోథీలియం అనే ఒంటివరుస కణాల పొర, దానిపై చక్కెరలూ ప్రోటీన్లూ కలిసిన గ్లైకోకాలిక్స్ అనే నూగులాంటి పూత ఉంటాయి. క్రిమిని గుర్తించిన తెల్లరక్తకణాలు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 వంటి సంకేతాలను వదలగానే ఈ పొర సడలి, ఆ కణాలు బయటికి వెళ్లేందుకు దారి ఇస్తుంది. చిన్న పుండు చుట్టూ జరిగితే ఇది మేలే. అదే ప్రతిస్పందన, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఒళ్లంతా రేగినప్పుడు పూత ఊడిపోయి, కణాల నడుమ అతుకులు వదులై, నాళంలో నీటిని పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌తో పాటు నీరు కణజాలంలోకి కారిపోతుంది. మరోపక్క నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ అతిగా తయారై నాళాలు వ్యాకోచించడంతో రక్తపోటు పడిపోతుంది. క్రిమి పోయినంత మాత్రాన ఊడిన పూత వెంటనే తిరిగి రాదు.

రెండవ సమాధానం: పై వివరణకు గడ్డకట్టే సంగతి కూడా చేర్చాలి. ఆరోగ్యంగా ఉన్న పొర తనపై ఉండే థ్రాంబోమోడ్యులిన్ అనే ప్రోటీన్ సాయంతో, గడ్డకట్టడాన్ని అడ్డుకునే ప్రోటీన్-సీని చైతన్యపరచి రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. సెప్సిస్‌లో ఆ కాపలా తగ్గి, గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్ పైచేయి సాధించడం వల్ల సూక్ష్మనాళాల్లో గడ్డలు ఏర్పడతాయి; ప్లేట్‌లెట్లు వాటికే ఖర్చయిపోవడంతో అదే రోగికి రక్తస్రావమూ కావచ్చు.

ప్రశ్న అడిగినవారు: అలాగైతే ఇన్‌ఫ్లమేషన్‌ను మందులతో పూర్తిగా అణచివేయవచ్చు కదా?

మొదటి సమాధానం ఇచ్చినవారు: ప్రయత్నించారు, కానీ టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అమెరికాలో 2001లో అనుమతి పొందిన చైతన్య ప్రోటీన్-సీ మందు, మరణాలను తగ్గించలేదని తరువాతి పరీక్షలో తేలడంతో 2011లో మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. క్రిమిని చంపేదీ ఆ ప్రతిస్పందనే కనుక దాన్ని మొత్తంగా ఆపలేము. పైగా కొందరిలో రోగనిరోధక శక్తి అప్పటికే కుంగిపోయి ఉంటుంది. అందుకే నేటికీ యాంటీబయాటిక్ త్వరగా ఇవ్వడం, ద్రవాలను అతి చేయకుండా ఎక్కించడం, సగటు రక్తపోటు 65 మి.మీ. పాదరసం దగ్గర నిలిచేలా, నాళాలను బిగించే నార్అడ్రినలిన్ మందు ఇవ్వడమే ప్రధాన చికిత్సగా ఉన్నాయి.