వేరుశనగ ఆకుల ఫోటోలలో ముందుగా వేటికి లేబుల్ పెట్టించాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి)
ఈ ఖరీఫ్‌లో మా చుట్టుపక్కల చేలలో తీసిన వేరుశనగ ఆకుల ఫోటోలు నా వద్ద సుమారు 6,000 ఉన్నాయి. పదవీ విరమణ చేసిన ఒక వ్యవసాయాధికారి వాటిని చూసి తెగులు పేరు (అదే లేబుల్) చెబుతున్నారు గానీ, ఆయనకు ఆదివారమే తీరిక, పూటకు 60కి మించి చూడలేరు. అందుచేత యాదృచ్ఛికంగా తీసిన 200 ఫోటోలతో, ఆకు ఫోటో చూసి తెగులును గుర్తించే మొదటి కంప్యూటర్ మోడల్ తయారుచేసి, అది అతి తక్కువ నమ్మకం చూపిన 60 ఫోటోలను ఆయన ముందు పెట్టాను. వాటిలో సగానికి పైగా మసకబారినవి, వేలు అడ్డం వచ్చినవి. మిగిలినవన్నీ ఒకే మొక్కవి. ఆయన విసుక్కున్నారు. లోపం పద్ధతిలో ఉందా, నేను చేసిన తీరులో ఉందా?

జవాబు (కర్నూలు నుంచి)
పద్ధతి కొత్తదేమీ కాదు. మోడల్‌కు నమ్మకం తక్కువున్నవాటికే ముందుగా లేబుల్ పెట్టించే ఈ దారిని 1994లోనే లూయిస్, గేల్ అనే పరిశోధకులు రాతల (టెక్స్ట్) వర్గీకరణకు వాడి చూపించారు. అయితే నమ్మకం తగ్గడానికి, రెండు తెగుళ్ల మధ్య మోడల్ ఊగిసలాడటం ఒక కారణమైతే, ఫోటోలో చూడదగినదేదీ లేకపోవడం మరొకటి. రెండో రకానికి ఎన్ని లేబుళ్లు పెట్టించినా ఆ పెద్దాయన ఆదివారం వృథా. మసక ఫోటోలను ముందే ఏరివేసి, మొదటి రెండు తెగుళ్ల సంభావ్యతల మధ్య తేడా తక్కువగా ఉన్నవాటిని తీసుకోండి.

జవాబు (కడప నుంచి)
ఒక ఫోటోపై సందేహం ఉన్న మోడల్‌కు దాని పక్క ఫోటోపైనా అదే సందేహం ఉంటుంది కనుక, మొదట 300 ఎంచి, మోడల్ చివరి పొర ఒక్కో ఫోటోకు ఇచ్చే వెక్టర్ల (అంకెల వరుసల) ఆధారంగా, పోలిక ఉన్నవి ఒకచోట చేరేలా వాటిని 60 గుంపులు చేసి, గుంపుకొకటి చొప్పున చూపించండి. పరీక్షకు ఉంచే ఫోటోలను మాత్రం ఈ దారిలో ఎన్నుకోకండి. కొన్ని చేలను యాదృచ్ఛికంగా ఎంచి, వాటి ఫోటోలను శిక్షణలో కలపకుండా విడిగా ఉంచకపోతే, వచ్చే ఖచ్చితత్వం అంకె మురిపెం మాత్రమే.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. నిన్న అలాగే చేశాను. మసకవి రాలేదు గానీ, 60లో 23 ఫోటోలు ముందుగా వచ్చే ఆకుమచ్చకూ, ఆలస్యంగా వచ్చే ఆకుమచ్చకూ మధ్య తేలనివే. “ఆకు తిరగేసి చూపకుండా అడిగితే ఎట్ల చెప్పేది నాయనా? అడుగున నల్లగా ఉంటే ఒకటి, లేత గోధుమరంగులో ఉంటే ఇంకొకటి” అన్నారాయన. నా 6,000 ఫోటోలూ ఆకు పైభాగానివే.

జవాబు (కర్నూలు నుంచి)
అయితే ఆ 23కి ఊహించి పేరు పెట్టించకండి, “చెప్పలేము” అనే లేబుల్‌తో పక్కన ఉంచండి. తుప్పు తెగులు పొక్కులు కూడా ముందు ఆకు అడుగునే కనబడతాయి. వచ్చే ఆదివారం ఫోటోలు మాని, ఆయనను చేను గట్టుకు తీసుకువెళ్లండి. ప్రతి ఆకునూ రెండువైపులా తీసి, రెండింటికీ ఒకే సంఖ్య వేయండి.