డ్రమ్ము బ్రేకు స్ప్రింగులు విప్పడానికి సరైన పనిముట్టు ఏది? మీ అనుభవాలు తెలియజేయండి

కోట కూడలి, విజయనగరం

అందరికీ నమస్కారం. మా నాన్నగారి చిన్న కారుకు వెనక రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్నాయి. నెల రోజులుగా బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడమ వెనక చక్రం నుంచి గరగరమని చప్పుడు వస్తూండటంతో, పోయిన ఆదివారం ఇంటి ముందు చప్టా మీద జాకీ వేసి, దన్నుగా చెక్క దిమ్మలు పెట్టి, డ్రమ్ము విప్పాను. డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుకుని చక్రాన్ని ఆపే వంపు ఇనుప ముక్కను షూ అంటారు, దాని మీది రాపిడి పొర లైనరు. ఆ లైనరు పూర్తిగా అరిగిపోయి షూ ఇనుమే డ్రమ్మును గీరుతోంది. కొత్త షూలు ముందే కొని పెట్టుకున్నాను కనుక పూట పని అనుకున్నాను. కానీ షూను బ్యాక్ ప్లేటుకు, అంటే డ్రమ్ము వెనకుండే కదలని పళ్లేనికి, అదిమి ఉంచే చిన్న స్ప్రింగు దగ్గరే మూడు గంటలు గడిచిపోయాయి.

ఆ స్ప్రింగు మీద గిన్నెలాంటి వాషరు ఒకటి ఉంటుంది. వాషరు మధ్యనున్న సన్నని గాడిలోంచి ఒక పిన్ను తల బయటికి వచ్చి అడ్డంగా కూర్చుని ఉంటుంది. వాషరును లోపలికి నొక్కి 90 డిగ్రీలు తిప్పితే పిన్ను తల గాడికి తిన్నగా వచ్చి జారిపోతుంది. చెప్పడానికి ఇంతే. కటింగ్ ప్లేయరుతో వాషరు అంచు పట్టి నొక్కితే నొక్కగలుగుతున్నాను గాని తిప్పలేకపోతున్నాను. తిప్పబోతే పట్టు జారిపోతోంది. నాలుగోసారి జారినప్పుడు స్ప్రింగు ఎగిరి వచ్చి కనుబొమ్మకు తగిలింది. అర అంగుళం కిందికి తగిలి ఉంటే ఈ రోజు ఇది రాసే పరిస్థితి ఉండేది కాదు.

ఆ రాత్రి వీడియోలు చూసి, అందరూ వాడుతున్న పెద్ద బ్రేక్ స్ప్రింగ్ ప్లయరు తెప్పించాను. దానికి ఒక కొనన కొక్కెం, మరో కొనన గుండ్రని గూడు ఉన్నాయి. తీరా వచ్చాక, నా బ్రేకులో దాన్ని ఎక్కడ ఆనించాలో తెలియలేదు. మీరంతా ఏం వాడుతున్నారో దయచేసి చెప్పండి.

విశ్రాంత ఐటీఐ బోధకుడు, బొబ్బిలి

బాబూ, ముందుగా కంటికి అద్దాలు పెట్టుకోకుండా ఆ పనికి మళ్లీ కూర్చోవద్దు. తరువాతి మాటలన్నీ దాని తరువాతే.

మీరు తెప్పించిన ప్లయరు మంచి పనిముట్టే, అయితే అది వేరే అమరిక కోసం తయారైంది. అమెరికా వారి పెద్ద కార్లలో ఎక్కువగా కనిపించే డ్రమ్ము బ్రేకులో, రెండు షూల పై కొనలూ వీల్ సిలిండరుకు (పెడలు తొక్కినప్పుడు షూలను డ్రమ్ము వైపు నెట్టే భాగం) పైన ఉండే ఒకే లావుపాటి పిన్నుకు ఆనుకుంటాయి, వెనక్కి లాగే స్ప్రింగుల కొక్కేలు కూడా ఆ పిన్నుకే తగిలించి ఉంటాయి. ప్లయరు కొనన మీకు కనిపించిన గుండ్రని గూడును ఆ పిన్ను మీద తొడిగి తిప్పితే, గూడు అంచు స్ప్రింగు కొక్కేన్ని ఎత్తి బయటికి తీస్తుంది. ఆ రకంలో షూల కింది కొనలు దేనికీ బిగించి ఉండవు. షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం సరిచేసే, పళ్ల చక్రం ఉన్న అడ్జస్టరు ఒకటి ఆ రెంటినీ కలుపుతుంది.

మన చిన్న కార్లలో చాలావాటికి అమరిక ఇలా ఉండదు. షూల పై కొనలు వీల్ సిలిండరు పిస్టన్లకు, కింది కొనలు బ్యాక్ ప్లేటుకు బిగించిన దిమ్మకు ఆనుకుంటాయి. స్ప్రింగులు పిన్నుకు కాక ఒక షూ నుంచి మరో షూకు అడ్డంగా తగిలించి ఉంటాయి. పిన్నే లేనప్పుడు గూడును ఎక్కడ తొడుగుతారు? అందుకే మీకు దారి తోచలేదు. మా విద్యార్థులకు నేను ప్రతి సంవత్సరం చెప్పిన మాట ఒకటే: ముందు డ్రమ్ము విప్పి లోపలి అమరిక చూడండి, పనిముట్టు కోసం బజారుకు ఆ తరువాత వెళ్లండి.

మీ అమరికకు కావలసింది అదుపు స్ప్రింగు, అంటే మిమ్మల్ని కొట్టిన ఆ చిన్న స్ప్రింగు, తీసే పనిముట్టు. స్క్రూడ్రైవరు లాంటి పిడి, కొనన పళ్లున్న చిన్న గిన్నె, అంతే. ఆ స్ప్రింగులు రెండూ ఊడిపోతే షూలను వెనక్కి లాగే పెద్ద స్ప్రింగులతో కుస్తీ పట్టనక్కరలేదు. ఒక షూ కింది కొనను దిమ్మ మీది నుంచి బయటికి లాగి పక్కకు దించితే స్ప్రింగుల బిగువు చాలావరకు తగ్గి, కొక్కేలు చేత్తోనే వస్తాయి.

రెండో వైపు డ్రమ్మును ఇప్పుడే విప్పవద్దు. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉండేదో మరచిపోయినప్పుడు చూసుకోవడానికి అదొక్కటే మీకు సాక్ష్యం.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

మాస్టారు చెప్పిన పనిముట్టును నేను రెండేళ్ల కిందట ఏడు రోడ్ల కూడలి దగ్గర విడిభాగాల దుకాణంలో కొన్నాను. దుకాణదారుకు దాని ఇంగ్లీషు పేరు చెబితే అర్థం కాలేదు. ఊడదీసిన వాషరును జేబులోంచి తీసి చూపించి, "దీన్ని నొక్కి తిప్పేది కావాలండీ" అన్నాక లోపలి అరలోంచి తెచ్చి ఇచ్చాడు. ఆ వాషరును వెంట తీసుకువెళ్లడం ఎంత మంచిదైందో అక్కడే తెలిసింది, ఎందుకంటే గిన్నెలలో చిన్నా పెద్దా సైజులు ఉన్నాయి. గిన్నె చిన్నదైతే వాషరు మీద కూర్చోదు, పెద్దదైతే పళ్లు అంచును అందుకోక వృథాగా తిరుగుతుంది. రెండు కొనలా రెండు సైజుల గిన్నెలున్నది దొరికితే అదే తీసుకోండి.

వాడే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే మొదటిసారి నేనూ తడబడ్డాను. ఎడమ చేతిని బ్యాక్ ప్లేటు వెనక్కి పోనిచ్చి, పిన్ను వెనక తలను చూపుడు వేలితో గట్టిగా అదిమి పట్టుకోవాలి. కుడి చేత్తో గిన్నెను వాషరు మీద తిన్నగా ఆనిస్తే పళ్లు వాషరు అంచును కరచుకుంటాయి. మణికట్టుతో కాక భుజం బరువుతో నొక్కాలి. స్ప్రింగు కుంచించుకుపోయి పిన్ను తల గాడిలోంచి కొద్దిగా పైకి లేచినట్టు కనిపించగానే పావు చుట్టు తిప్పాలి. అప్పుడు చేతికి చిన్న తూలుడు తెలుస్తుంది. వెంటనే వదిలేయకుండా, నెమ్మదిగా ఒత్తిడి తగ్గిస్తూ వస్తే వాషరూ స్ప్రింగూ గిన్నెలోనే కూర్చుని చేతికి వస్తాయి, ఎక్కడికీ ఎగరవు. నాలుగు స్ప్రింగులూ తీయడానికి నాకు పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

జీడితోట, పలాస

మా ఇంటి బండి 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు రెండు రోజులు నీటిలో నిలిచిపోయింది. ఆ తరువాత చాలాకాలానికి బ్రేకులు విప్పితే, పైన శ్రీకాకుళం వారు చెప్పినట్టే నొక్కి తిప్పినా వాషరుతో పాటు పిన్ను కూడా తిరిగిపోయింది. తుప్పు రెంటినీ ఒకటి చేసేసింది. వెనక నుంచి పిన్ను తలను వేలితో పట్టడం సరిపోక, సన్నమూతి ప్లయరుతో మరొకరు బిగించి పట్టుకోవలసి వచ్చింది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచితే పని సులువయ్యేది. ఒక స్ప్రింగు చేతిలోనే విరిగింది కూడా. అప్పటి నుంచి షూలు మార్చినప్పుడల్లా స్ప్రింగులు, పిన్నులు కూడా కొత్తవే వేయిస్తున్నాను. వాటి ఖరీదు షూల ఖరీదు ముందు లెక్కలోకి రాదు.

మరొక్క మాట. అన్ని కార్లలోనూ చుట్టల స్ప్రింగే ఉంటుందనుకోవద్దు. మా తోడల్లుడి కారులో దాని స్థానంలో మడత పెట్టిన రేకు ఉంది. దాని మీద గిన్నె పనిముట్టు అసలు పని చేయదు. రేకును బొటనవేలితో నొక్కి పట్టి, పిన్ను తలను ప్లయరుతో తిప్పితే వచ్చేస్తుంది.

షెడ్డు, ఆముదాలవలస

నేను ముప్పై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఒక మామూలు ప్లేయరు, ఒక పెద్ద స్క్రూడ్రైవరు తప్ప బ్రేకు పనికి ఇంకేమీ పట్టుకోలేదు. అలవాటైన చేతికి ఇవన్నీ అవసరం లేదని నా అభిప్రాయం. కొనేవారిని వద్దనను, కానీ అవి లేకపోతే పని జరగదన్నట్టు రాయడం సరికాదు.

విశ్రాంత ఐటీఐ బోధకుడు, బొబ్బిలి

మీ అనుభవాన్ని నేను గౌరవిస్తాను. స్క్రూడ్రైవరుతో చేసేవారిని ఎంతోమందిని చూశాను, వారిలో గొప్ప పనివారు ఉన్నారు. అయితే ఆ చేయి కుదరడానికి ముందు మీ పిస్టన్ల రబ్బరు మూతలు ఎన్ని చిరిగాయో, కొత్త లైనరు మీద స్క్రూడ్రైవరు ఎన్నిసార్లు జారిందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇక్కడ అడిగిన అబ్బాయి జీవితంలో నాలుగైదుసార్లు మాత్రమే ఈ పని చేస్తాడు. అతని చేయి కుదిరేలోగా కన్ను పోకూడదు. ఆ కొరతను తీర్చేది పనిముట్టే.

షెడ్డు, ఆముదాలవలస

ఆ మాట నిజమే మాస్టారూ. కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను కూడా మొదటి ఆరు నెలలు బ్రేకు స్ప్రింగులు ముట్టనివ్వను. కారణం మీరు చెప్పినదే.

లేత్ పని, రాజాం

బజారులో దొరకనివారికి రెండు ఉపాయాలు. అదుపు స్ప్రింగు వాషరుకు సరిపోయే పాత బాక్సు పానా ముక్క ఒకటి తీసుకుని, దాని మూతి మీద ఎదురెదురుగా ఆకురాయితో నాలుగు గాళ్లు తీసి, వెనక ఒక కడ్డీ వెల్డింగు చేయించండి. వాషరు అంచు ఆ గాళ్లలో కూర్చుంటుంది, పిన్ను తల బోలులోకి వెళుతుంది. నేను ఇలాంటివి చాలామందికి చేసి ఇచ్చాను.

పెద్ద స్ప్రింగుల కోసమైతే తెగిపోయిన మోటారు సైకిలు క్లచ్ వైరును పారేయకండి. దాన్ని జానెడు ముక్క కోసి, మధ్యలో మడిచి, రెండు కొనలనూ ఒక చెక్క పిడికి బిగించండి. ఆ మడతను స్ప్రింగు కొక్కేనికి తగిలించి తిన్నగా లాగితే కొక్కెం రంధ్రంలోకి హాయిగా దిగుతుంది. ప్లేయరుతో లాగితే స్ప్రింగు తీగ మీద గాటు పడుతుంది, గాటు పడిన చోటే తరువాత విరుగుతుంది. వైరుకు ఆ బాధ లేదు.

లారీ ఓనరు, సాలూరు

2022లో జిల్లాల విభజనతో మేము పార్వతీపురం మన్యంలోకి వెళ్లినా, బండ్ల విషయంలో విజయనగరం వారితోనే మాట్లాడుకుంటాం కనుక ఇక్కడ రాస్తున్నాను. సుంకి ఘాట్ దిగే లారీలకు డ్రమ్ము బ్రేకుల ఆరోగ్యం ఎంత ముఖ్యమో మా ఊరి వారికి వేరే చెప్పనవసరం లేదు. గేరు దించకుండా బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి లైనరుకు దూరం జరుగుతుంది, లైనరు పట్టు కూడా తగ్గుతుంది, పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు.

గాలి బ్రేకుల లారీలో షూ స్ప్రింగులు కారు స్ప్రింగులకు ఎన్నో రెట్లు బలమైనవి. వాటికి కొనన గాడి ఉన్న పొడవాటి రాడ్డు వాడతాం. కానీ నేను చెప్పదలచుకున్నది దానికన్నా పెద్ద ప్రమాదం గురించి. పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచే ఛాంబరులో బ్రహ్మాండమైన స్ప్రింగు ఒకటి నొక్కి పెట్టి ఉంటుంది. దానిని బంధించే పొడవాటి బోల్టు ఒకటి సాధారణంగా ఛాంబరు పక్కనే గూటిలో అమర్చి ఉంటుంది. ఆ బోల్టు వేసి స్ప్రింగును బంధించకుండా ఛాంబరు క్లాంపు విప్పకూడదు. మనిషి ప్రాణం తీసేంత బలం ఆ స్ప్రింగుకు ఉంది. కారు పని నేర్చుకున్న ధైర్యంతో దయచేసి ఎవరూ లారీ ఛాంబరు మీద చేయి వేయవద్దు.

కోట కూడలి, విజయనగరం

అందరికీ కృతజ్ఞతలు. గిన్నె పనిముట్టు ఈ రోజే కొన్నాను, వాషరును వెంట తీసుకువెళ్లే కొన్నాను. ఎడమ వైపు షూలు మార్చాక చూస్తే, కుడి వైపు డ్రమ్ము మాత్రం కదలడం లేదు మాస్టారూ. సుత్తితో కొట్టవచ్చా?

విశ్రాంత ఐటీఐ బోధకుడు, బొబ్బిలి

అంచు మీద సుత్తితో కొట్టవద్దు, పోత ఇనుము బీటలు వారుతుంది. హ్యాండ్ బ్రేకు దించారో లేదో ముందు చూసుకోండి. డ్రమ్ము ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలు కనిపిస్తే వాటిలో సరిపోయే బోల్టులు, చాలా కార్లకు 8 మి.మీ.వి, రెండు వైపులా సమానంగా కొద్దికొద్దిగా బిగించుకుంటూ పోతే డ్రమ్ము తనంతట తానే బయటికి జరుగుతుంది. ఆ రంధ్రాలు లేక, బేరింగు డ్రమ్ములోనే ఉండే రకమైతే మధ్య నట్టు విప్పి స్లైడ్ హ్యామరుతో, అంటే కడ్డీ మీద జారే బరువు దెబ్బతో లాగే పనిముట్టుతో, లాగాలి. కొంచెం కదిలి ఆగిపోతోందంటే, డ్రమ్ము అరిగి లోపలి అంచున గట్టు కట్టి, షూలు దానికి తగులుకున్నాయని అర్థం. అప్పుడు బ్యాక్ ప్లేటుకున్న రబ్బరు మూత తీసి, లోపలి అడ్జస్టరును వదులు చేయాలి.

డ్రమ్ము వచ్చాక గాలి గొట్టంతో ఊదకండి. పాత లైనర్లలో రాతినార (ఆస్‌బెస్టాస్) ఉండేది, ఆ ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సరు తెస్తుంది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం ఎంతో పోతలోనే అచ్చువేసి ఉంటుంది. లోపలి కొలత దానికి మించితే లేత్ పట్టించడం కుదరదు, కొత్తది వేయాల్సిందే.

కోట కూడలి, విజయనగరం

పని పూర్తయింది. రబ్బరు మూత తీసి అడ్జస్టరు వదులు చేశాక కుడి డ్రమ్ము వచ్చింది, కొలత పరిమితి లోపలే ఉంది. ఎడమది గీతలు లోతుగా పడి పరిమితి దాటడంతో, రెండు వైపులా పట్టు సమానంగా ఉండాలని రెండూ కొత్తవే వేశాను. మొదట ఎగిరినది పోగా మిగిలిన అదుపు స్ప్రింగులు మూడూ గిన్నెలోనే ఉండి చేతికి వచ్చాయి. బిగించేటప్పుడు మాత్రం పిన్ను తల గాడిలో అడ్డంగా సరిగా కూర్చుందో లేదో టార్చి వేసి చూసుకోవలసి వచ్చింది. పెద్ద స్ప్రింగులకు రాజాం వారి క్లచ్ వైరే వాడాను.

నెల్లిమర్ల దాకా వెళ్లి వచ్చి రెండు డ్రమ్ముల దగ్గరా చేయి పెట్టి చూశాను. రెండూ గోరువెచ్చగా, ఒకే తీరుగా ఉన్నాయి. చప్పుడు లేదు. హ్యాండ్ బ్రేకు ఇదివరకటి కన్నా తక్కువ పళ్లకే పట్టుకుంటోంది.